పిల్లికి పెట్టిన తలుపు

ముందే ఒట్టు పెట్టేస్తున్నాను సౌజన్యా. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఈ ఏడు మా మిరపతోట మొత్తం ముడత తెగులొచ్చి ముద్దైపోవాలి. నాకు ఉప్పూకారాలు కాస్త ఎక్కువేసే అలవాటుందని మీ అత్తగారు నీ చెవిలో ఊదే ఉంటుంది. ఆవిడ మాట పులుసు దాకా నిజం. కోటేష్ ఇంట్లో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నువ్వు ఈ బజారుకి కొత్తగా కాపురానికొచ్చావు. తెలిసుండటం మంచిది.

మొన్న మాఘమాసం సంగతి. కోటేష్ పెళ్ళాం ఉదయశ్రీ మూడు నెలల పాపని ఎత్తుకుని చిలకలూరిపేట పుట్టింటి నుంచి వచ్చిన నెల అది. పాప పేరు శ్రీదివ్య. పిల్లేమో దోసకాయంత, ఏడుపేమో నల్లపాడు స్టేషన్లో రైలు కూతంత.

కోటేష్ వాళ్ళమ్మ సుబ్బరావమ్మ అంతకు ముందు భాద్రపదంలో పోయింది. మనవరాలినో మనవడినో ఎత్తుకోవాలని ఆవిడకి ఎంత ఆశంటే, కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచే పాత చీరలన్నీ చింపి పసిబిడ్డకి బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. నూటపదహారు బొంతలు కుట్టింది. సరే, పదహారు. పదిహేడోది సగంలో ఉండగా కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదంటారు కాబట్టి ఉదయశ్రీని పుట్టింటి నుంచి కదలనివ్వలేదు. అత్తగారిని ఎలా సాగనంపారో, ఎటు నుంచి తీసుకెళ్ళారో ఆ పిల్లకేమీ తెలీదు. ఇల్లు కొన్నాళ్ళు తాళం వేసి ఉంచారని మాత్రం విన్నది.

తిరిగొచ్చేసరికి ఇంట్లో అత్త లేదు. వెనక గదికి మాత్రం, అదివరకు ఉత్త గోడ ఉన్నచోట, దొడ్లోకి కొత్త తలుపొకటి ఉంది. వేపచెక్క తలుపు. ఎందుకని అడిగితే కోటేష్ ముఖం పక్కకి తిప్పుకుని, నీళ్ళు తెచ్చుకోడానికీ అంట్లు తోముకోడానికీ నీకు వీలుగా ఉంటుందని పెట్టించానన్నాడు. మొగుడు అడక్కుండా మన వీలు గురించి ఆలోచించాడంటే ఏ ఆడదైనా అనుమానించాలి. ఈ పిల్ల మురిసిపోయింది.

ఆ ఏడు పత్తి రేటు పెరుగుతుందని ఎవరో చెబితే, కోటేష్ ఏరిన పత్తంతా తెచ్చి వెనక గదిలో పోశాడు. ఎంత పత్తంటావు, దారితప్పిన మబ్బొకటి గదిలో దూరి పడుకున్నట్టుండేది. మధ్య గదిలో నిరుటి మిరపకాయల టిక్కీలు ఒకదానిమీద ఒకటి దూలం దాకా. ఆ ఘాటుకి గోడ మీద బల్లి కూడా తుమ్మేది. ఆ బస్తాల పక్కనే దూలానికి చీరతో ఉయ్యాల కట్టి పాపని పడుకోబెట్టేవాళ్ళు. పాప గంటకి పదిసార్లు తుమ్మేది. తుమ్మినప్పుడల్లా ఉదయశ్రీ ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా, "చిరంజీవ" అనేది. అనకపోతే పసిబిడ్డ ఆయుష్షు ఎక్కడ జారిపోతుందోనని దానికి బెంగ.

పత్తి ఉన్నచోట ఎలుకలు. ఎలుకలంటే ఎలుకలు కావవి, పందికొక్కులు వాటికి దణ్ణం పెట్టి దారిచ్చేవి. ఒక పొద్దున పాప కాలి బొటనవేలి దగ్గర రక్తపు చుక్క కనపడింది. రెండు పళ్ళ గాట్లు. ఉదయశ్రీ ఆ రోజు అన్నం ముట్టలేదు. కోటేష్ చూస్తే కళ్ళంలో ఎండబెట్టిన మిరపకాయలకి కాపలా. పొద్దున్నొకసారి వీధి గుమ్మంలోంచి వచ్చి, నాలుగు ముద్దలు తిని, అటు నుంచి అటే పోయేవాడు. వెనక గదిలోకి తొంగి చూసేవాడు కాదు. కాబట్టి బిడ్డని కాపాడుకోవడం తనొక్కదాని పనే అయింది. సాయంత్రానికల్లా ఒక బూడిదరంగు పిల్లిని సంపాదించి తెచ్చుకుంది.

పిల్లి మంచిదే. కానీ దానికి రాజుగారి తిక్క. లోపలుంటే బయటికి పోవాలి, బయటుంటే లోపలికి రావాలి. దొడ్డి తలుపు గీకి గీకి ప్రాణం తీసేది. అది గీకితే పాప లేచేది, పాప లేస్తే బజారంతా లేచేది. ఉదయశ్రీ ఫోన్లో ఎక్కడో చూసిందట, పై దేశాల్లో తలుపుకి అడుగున పిల్లి కోసం చిన్న ఊగే తలుపు పెట్టుకుంటారని. నెట్టుకుని వస్తుంది, నెట్టుకుని పోతుంది, మనిషి లేవక్కర్లేదు. వెంటనే వడ్రంగి మీరా హుస్సేన్‌కి కబురు పెట్టింది.

మీరా హుస్సేన్ పనిమంతుడు. ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద ఈగ వాలితే జారి పడుతుంది. సంచీ దించి, ఏ తలుపమ్మా అన్నాడు. ఉదయశ్రీ వెనక గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. ఆయన గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ తలుపుకా?"

"మరి వీధి తలుపుకి పెట్టమంటావా బాబాయ్? సింహద్వారానికి కంత పెడితే ఊరు నవ్వదూ?"

"వీధి తలుపుకే పెడతా. నా మాట విను. కనపడకుండా పెడతా."

ఉదయశ్రీ నవ్వేసింది. ఆయన నవ్వలేదు. కోటేష్‌ని అడిగావా అన్నాడు. అడిగానంది. అడగలేదు సౌజన్యా. పిల్లి తలుపంటే మొగుడు వెక్కిరిస్తాడని అడగలేదు. అదొక్క అబద్ధం ఆ పిల్ల చేసిన తప్పు.

జానెడు వెడల్పు, జానెడు ఎత్తు గీత గీసి రంపం పెట్టాడు. కోస్తున్నంతసేపూ పని వైపు చూడకుండా, దొడ్లోకే చూస్తూ కోశాడు. కోసిన ముక్కనే పాత సైకిల్ ట్యూబు పట్టీతో తిరిగి పైన బిగించాడు. నెడితే లోపలికీ ఊగుతుంది, బయటికీ ఊగుతుంది, "టప్" మని మూసుకుంటుంది. చివర్లో, అడక్కుండానే, లోపలివైపు చిటికెనవేలంత గడియ కూడా బిగించాడు.

"దీపం పెట్టే వేళకి ఇది వేసెయ్ అమ్మా. పిల్లి బయటుంటే బయటే ఉండనీ."

సందె వేళ వీధి తలుపు తీయాలి, దొడ్డి తలుపు వేయాలి. ముందు నుంచి లక్ష్మి వస్తుంది, వెనక నుంచి పోకూడదు. ఇది మనందరికీ తెలిసిందే కదా. మీరా హుస్సేన్ కూడా ఆ పట్టింపుతోనే అన్నాడనుకుంది. ఎంత చిక్కిపోయినా లక్ష్మీదేవి జానెడు కంతలోంచి పాక్కుంటూ పారిపోతుందా అని తనలో తను నవ్వుకుంది. పెద్ద తలుపు గడియ రోజూ వేసేది. చిన్నది వేయలేదు. వేస్తే పిల్లి గీకుతుంది, గీకితే పాప లేస్తుంది.

పిల్లి తలుపు భలేగా పనిచేసింది. మూడో రోజుకి ఇంట్లో ఎలుక చప్పుడే లేదు. ఉదయశ్రీ పొంగిపోయి పిల్లికి గిన్నెడు పాలు పోసింది. కానీ ఒకటి గమనించింది. ఆ మూడు రోజులూ పిల్లి ఒక్క ఎలుకనీ పట్టింది లేదు, నోట కరుచుకొచ్చింది లేదు. ఎలుకలు వాటంతటవే పోయాయి. ఇల్లు ఖాళీ చేసి పోయినట్టు పోయాయి.

నాలుగో రోజు పొద్దున పత్తి కుప్పలో ఒక గుంట కనపడింది. పిల్లి పడుకుని ఉంటుందిలే అనుకుంది. మళ్ళీ చూసింది. పిల్లి ముడుచుకుని పడుకుంటే చేటంత గుంట పడుతుంది. ఇది మనిషంత ఉంది. తల ఆనిన చోట గుండ్రంగా, ముడిచిన మోకాళ్ళ దగ్గర లోతుగా. పక్కకి తిరిగి పడుకున్న ముసలివాళ్ళు ఎంత చోటు తీసుకుంటారో అంతే చోటు. రెండు చేతులతో పత్తి సర్ది గుంట పూడ్చేసింది. పాపకి నీళ్ళు పోయబోతే జుట్టులో గింజతో సహా పత్తి పింజ కనపడింది. చెవి వెనకాల ఇంకొకటి. పాపని ఆ గదిలోకి ఎవరూ తీసుకెళ్ళలేదు.

గాలికి వచ్చి ఉంటుందనుకుంది. గాలే లేదు ఆ రోజుల్లో. ఆకు కదిలితే ఊరంతా వచ్చి చూసేవాళ్ళం.

ఐదో రోజు సందెవేళ. పడమట ఇంకా ఎరుపుంది, ఇంట్లో మాత్రం చీకటి పడింది. ఉదయశ్రీ దొడ్డి తలుపు గడియ వేసి, వీధి తలుపు బార్లా తీసి, గడప దగ్గర కూర్చుని దీపం వెలిగిస్తోంది. పాప లోపల ఉయ్యాలలో. పిల్లి వీధి మెట్ల మీద కూర్చుని ఉంది. తోక చీపురు కట్టలా ఉబ్బి ఉంది. ఉదయశ్రీని చూడడం లేదది. ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూస్తోంది.

రా అని చెయ్యి చాపింది. పిల్లి రెండు మెట్లు వెనక్కి దిగింది.

అప్పుడు వెనక గదిలో చప్పుడైంది.

టప్ మని కాదు… ట్యూబు పట్టీ సాగిన చప్పుడు. మెల్లగా… చాలాసేపు సాగింది. చిన్న తలుపుని ఎవరో వేళ్ళతో పట్టుకుని, మోత కాకుండా, పసిబిడ్డ లేవకుండా, జాగ్రత్తగా వదిలినట్టు.

పిల్లి మెట్ల మీదే ఉంది.

ఉదయశ్రీ చేతిలో అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. తెలియలేదు. ఇంట్లోంచి ఒక వాసన వచ్చింది. మిరపఘాటుని తోసుకుని వచ్చింది. తడి పసుపు… కర్పూరం… వాటి కింద, తవ్విపోసిన మట్టి వాసన. తర్వాత నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. పత్తి మీద చీర రాసుకుంటే వస్తుందే… అంత మెత్తగా.

లోపల పాప తుమ్మింది.

ఉదయశ్రీ పెదవులు విచ్చుకునే లోపే…

"చిరంజీవ…"

ఆడ గొంతు. పళ్ళులేని నోట్లో మాట నాని నాని వచ్చినట్టు. అంత ముద్దుగా ఆ బిడ్డని ఎవరూ ఎప్పుడూ దీవించి ఉండరు.

పారిపోవచ్చు. వీధి తలుపు తీసే ఉంది. కానీ బిడ్డ లోపలుంది. ఆ పిల్ల లోపలికే పరిగెత్తింది. అందుకే నాకు దానంటే గౌరవం.

మధ్య గదిలో ఎవరూ లేరు. ఉయ్యాల మాత్రం మెల్లగా ఊగుతోంది. చీర ఉయ్యాల కదా, లోతుగా వేలాడుతుంది, దగ్గరికెళ్ళి విప్పి చూస్తే గానీ బిడ్డ కనపడదు. ఊగుతోందంటే లోపలే ఉందనుకుంది. చెయ్యి చాపబోతుంటే నడుం దగ్గర దోపుకున్న ఫోన్ మోగింది. కోటేష్.

"మీరా హుస్సేన్ కనపడ్డాడు… ఆ తలుపుకి కంత పెట్టించావా?"

"ఏవండీ… ఇంట్లో ఎవరో ఉన్నారు…" అని గుసగుసగా అంది.

అప్పుడు చెప్పాడు ఆ మహానుభావుడు. వాళ్ళమ్మ పోయింది ధనిష్ఠా పంచకంలోనట. ఆ చెడ్డ రోజుల్లో పోయినవాళ్ళని సింహద్వారంలోంచి తీసుకుపోకూడదు. వెనక గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి తీసుకుపోతారు. తిరిగొచ్చి వెంటనే గోడ కట్టేస్తారు. పోయినవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినా, తాము వెళ్ళిన దారి మూసుకుపోయి ఉంటే తిరిగిపోతారని. కోటేష్ గోడ పగలగొట్టాడు. కట్టలేదు. ఎలాగూ పగిలింది కదా, ఇక్కడే ఒక తలుపు పెట్టిస్తే దొడ్లోకి దారి కలిసొస్తుందనుకున్నాడు. పంతులుగారు తల పట్టుకుని, సరే, సందె వేళకి మాత్రం ఆ తలుపు మూసి ఉండాలి, ఈగ దూరే సందు కూడా ఉండకూడదు అన్నారట. కలిసొచ్చే దారంట. వాళ్ళమ్మకీ కలిసొచ్చింది.

"చిన్న గడియ వేశావా?" అన్నాడు కోటేష్. "శ్రీ… ముందు వెళ్ళి ఆ గడియ వెయ్. నేను బయల్దేరుతున్నా."

ఉదయశ్రీ వెనక గదిలోకి నడిచింది. లైటు వేసింది. ఓల్టేజీ లేదు. బల్బులో తీగ మాత్రం ఎర్రగా నిప్పుకణికలా ఉంది. ఆ ఎరుపులో పత్తి కుప్ప మాంసం ముద్దలా కనపడింది. కుప్ప వైపు చూడకుండా, గోడ పట్టుకుని, తలుపు దగ్గరికి చేరింది. మోకాళ్ళ మీద కూర్చుంది. చేత్తో తడిమింది. చెక్క… ట్యూబు పట్టీ… ఇనుప గడియ…

గడియ వేసే ఉంది.

తను వేయలేదు. ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా వేయలేదు. అది లోపల్నుంచి తప్ప పడదు.

ఎవరో లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, గడియ పెట్టారు. ఇక బయటికి పోనవసరం లేనివాళ్ళు పెట్టినట్టు.

ఆమె వెనకాల, చాలా దగ్గర్లో, పాప కిలకిలా నవ్వింది.

ఉయ్యాలలోంచి కాదు.

ఉదయశ్రీ మెల్లగా తల తిప్పింది. పత్తి కుప్పలో మనిషంత గుంట. ఆ గుంట ఒడిలో, చంటిబిడ్డ పడుకునే చోట, పాప ఉంది. మెడ దాకా పత్తి కప్పి ఉంది. చలి తగలకుండా అంచులు కిందకి మడిచి ఉన్నాయి. పాప పైకి, గాల్లోకి చూస్తూ నవ్వుతోంది. కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి… ఎవరో తల ఊపుతూ ఆడిస్తుంటే తిరిగినట్టు.

ఉదయశ్రీ రెండు చేతులూ చాపి బిడ్డని పట్టుకుంది. ఎత్తింది.

రాలేదు.

దోసకాయంత పిల్ల. పుట్టెడు మిరపకాయల బరువుంది. అవతల నుంచి ఎవరో పట్టుకుని ఉన్నారు. గుంజుకోవడం లేదు. వదలడం లేదు, అంతే. చల్లని వేళ్ళు ఉదయశ్రీ వేళ్ళకి తగిలాయి. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు.

"అత్తయ్యా…" అంది ఉదయశ్రీ. "నా బిడ్డ అత్తయ్యా…"

పత్తిలో ఒక నిట్టూర్పు దిగింది. చేతుల్లో బరువు తగ్గింది. ఆమె చెవికి ఆనుకునే, చన్నీళ్ళ ఆవిరిలా, ఒక మాట వచ్చింది.

"మెడ… మెడ పట్టుకో."

ఉదయశ్రీ ఒక చెయ్యి పాప మెడ కింద పెట్టింది. పెట్టి పరిగెత్తింది. ఆ పరుగు నేను కళ్ళారా చూశాను. ఇదిగో, మా అరుగు మీదే కూలబడింది. దాని గుండె చప్పుడు బజారు చివర మంగలి కొట్టు దాకా వినపడింది, కావాలంటే వెళ్ళి అడుగు.

తెల్లారేసరికి పంతులుగారు వచ్చారు, తాపీమేస్త్రీ వచ్చాడు. తలుపు పీకేశారు, పిల్లి తలుపుతో సహా దొడ్లోనే తగలబెట్టారు. మధ్యాహ్నానికి గోడ లేచింది. సిమెంటు పూసి, సున్నం కొట్టి, శాంతి చేయించి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గడియ లోపల్నుంచి పడి ఉందని ఉదయశ్రీ మొగుడికి చెప్పింది. కంగారులో నువ్వే వేసి మర్చిపోయుంటావన్నాడు. ఆ పిల్ల ఆ మాట మళ్ళీ నా దగ్గర తప్ప ఎక్కడా ఎత్తలేదు. తన అబద్ధం ఒకటుంది కదా మధ్యలో.

అందరూ కలిసి ఆ దారి గట్టిగా మూశారు. మూసేటప్పుడు ఆవిడ గోడకి ఏ వైపున ఉందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు శ్రావణం. ఆ ఇంట్లో ఏ గొడవా లేదు. పత్తి అమ్ముడుపోయింది. శ్రీదివ్య బంగారంలా ఉంది. ఏడవదు. మంచం మీంచి దొర్లినా దెబ్బ తగలదు. తొమ్మిదో నెలకే అడుగులేసింది చూడు, మా పిల్లలు ఏడాది దాటినా నేల మీద ముద్దల్లా పడి ఉండేవాళ్ళు. అడుగులకి అరిసెలు పంచాలి కదా, నిన్న ఉదయశ్రీ డబ్బా నిండా తెచ్చిచ్చింది. పాపని మా వసారాలో దింపి, చూడు పిన్నీ ఎలా నడుస్తోందో అంది. నేను చూశాను.

పాప కుడిచెయ్యి పైకెత్తి నడుస్తోంది. తలకంటే ఎత్తుకి. పిడికిలి పూర్తిగా ముడవలేదు, మధ్యలో వేలు పట్టేంత సందుంది. తూలినప్పుడల్లా ఆ చెయ్యి బిగుసుకుంటోంది. పాప పడలేదు. పక్కకి ఒరిగిన పిల్ల ఒరిగినట్టే గాల్లో ఆగి, మళ్ళీ నిలబడింది. ఉదయశ్రీ నవ్వుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఆ చేతి వైపు పోనివ్వలేదు.

ఇదిగో ఆ డబ్బా. అరిసెలు తినేశాం. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు, అడుగున గుప్పెడు పంచదార పోశాను. నాకు మోకాళ్ళ నొప్పులు, నువ్వెళ్ళి ఇచ్చి రా తల్లీ. దీపం పెట్టే వేళ ఇంకా కాలేదులే. పాప నడుస్తూ నీకు ఎదురొస్తుంది. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంటుంది, పట్టుకోమని నీకు చాపుతుంది. ముద్దుగానే ఉంటుంది.

పట్టుకోకు.